పిల్లిపిల్లకి అయిదువేలా?

"వీధి పిల్లికి అయిదువేలా? నీకేమన్నా పిచ్చా?" ఈ మధ్య ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగుంటారు. ఇంకో రకం వాళ్ళు కూడా వున్నారు. వాళ్ళ దగ్గర ఖర్చు మాట ఎత్తితే చాలు, "ప్రాణం పోతుంటే డబ్బులు లెక్కపెడతావా?" అన్నట్టు ఒక చూపు చూస్తారు. మొదటివాళ్ళ లెక్కలో పైసా పెట్టినా దండగే. రెండోవాళ్ళ లెక్కలో అసలు లెక్కే వుండకూడదు. చూడ్డానికి ఉత్తర దక్షిణ ధ్రువాల్లా కనిపిస్తారు గానీ, ఇద్దరూ కలిసి చేసే పని ఒకటే. డబ్బు గురించి మనల్ని నోరు విప్పనివ్వరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. జబ్బుపడిన పిల్లిపిల్లని చేతుల్లోకి తీసుకున్నాక డాక్టరుతో మాట్లాడాల్సిన మొదటి విషయాల్లో డబ్బు ఒకటి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, వైద్యంలో భాగం. చేతిలో రెండువేలుంటే ఆ రెండువేలతో బతికే అవకాశం ఎక్కువ ఎలా వస్తుందో ఆలోచించాలి. అంతేగానీ మొహమాటానికి మొదటి గంటలోనే మూడువేలు కట్టేసి, రేపటి మందుకి డబ్బుల్లేక కూనని మళ్ళీ పార్కింగులో వదిలెయ్యడం దయ కాదు.

ఈ అభిప్రాయం ఊరికే రాలేదు. జూలైలో నాలుగు రోజులు వదలకుండా వాన కొట్టింది కదా, అప్పుడు మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఒక పిల్లిపిల్ల దొరికింది. అయిదువారాల వయసుండొచ్చు. రెండు కళ్ళూ పుసులతో అంటుకుపోయాయి, ఒకటే తుమ్ములు. వాచ్‌మాన్ భార్య పాపం జాలిపడి ఆవుపాలు పోసింది. దాంతో విరేచనాలు కూడా మొదలయ్యాయి. వంటింటి కాటా మీద పెడితే మూడువందల ఎనభై గ్రాములు. ఆ వయసుకి అరకిలో దగ్గర్లో వుండాలి.

దగ్గర్లో వున్న ప్రైవేటు క్లినిక్కుకి తీసుకెళ్ళాను. కన్సల్టేషన్ అయిదువందలు. డాక్టరుగారు కూనని ఒక నిమిషం చూసి ఒక చీటీ రాశారు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, రెండు రకాల వైరస్ టెస్టులు, అడ్మిషన్. మొత్తం ఎంతవుతుందండీ అంటే ఎనిమిదివేల పైన అని రిసెప్షన్లో చెప్పారు. నేను మళ్ళీ లోపలికెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "సార్, వీటిల్లో ఏ పరీక్ష రిజల్టుని బట్టి ఇవాళ మీరిచ్చే మందు మారుతుంది?" మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది అలవాటైన ప్రశ్నే. ఇఫ్‌లోనూ ఎల్స్‌లోనూ ఒకటే లైను వుంటే ఇక ఆ ఇఫ్ ఎందుకు? ఆయనకి మాత్రం కోపం వచ్చింది. "మీకు డబ్బు ముఖ్యమా, పిల్లి ముఖ్యమా?" అన్నారు.

ఈ వాక్యం మీదే నా గొడవంతా. ఆయన రాసిన పరీక్షలు తప్పని నేననను. డాక్టరు చదువు చదివింది ఆయన, నేను కాదు. కానీ ఆ ప్రశ్న వినగానే సగటు మనిషి చేసే పని రెండే. తల వంచుకుని కార్డు గీకడం, లేకపోతే తల వంచుకుని బయటికొచ్చి మళ్ళీ ఇంకే డాక్టరు దగ్గరికీ వెళ్ళకపోవడం. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు గానీ, ఇక్కడ ప్రాణసంకటం పిల్లికే.

నేను ఆ కన్సల్టేషన్ కట్టేసి, మర్నాడు పొద్దున్నే ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. నా ముందు రెండు మేకలు, ఒక లాబ్రడారు, బుట్టలో నాటుకోడి వున్నాయి. మేకని తెచ్చిన తాత నా చేతిలో అట్టపెట్టెలోకి తొంగిచూసి "గీ పిల్లికి గూడ సూది ఏపిస్తవా బిడ్డా?" అని పగలబడి నవ్వాడు. నవ్వి, నన్ను తనకంటే ముందు పంపించాడు కూడా. లోపలున్న డాక్టరమ్మ జ్వరం చూసింది, చిగుళ్ళు చూసింది, మెడ దగ్గర చర్మం లాగి ఒంట్లో నీరెంతుందో చూసింది, నోట్లో పుళ్ళున్నాయేమో చూసింది. "ఇది ముక్కు, కళ్ళ జలుబు. పిల్లిపిల్లల్లో మామూలే. ఇప్పటికి టెస్టులు వద్దు. కళ్ళల్లోకి చుక్కలు, బరువుని బట్టి యాంటీబయాటిక్, నట్టల మందు రాస్తాను. రెండు రోజుల్లో బరువు పెరగకపోయినా, వాంతి అయినా అదేరోజు తీసుకురండి, అప్పుడు రక్తం చూద్దాం" అంది. బయట మందుల షాపులో ఆరువందల నలభై అయింది.

గమనించారా, ఆవిడ రక్తపరీక్ష అనవసరం అనలేదు. ఎప్పుడు అవసరమో చెప్పింది. నాకు కావలసింది అంతే.

అసలు పరీక్షలు ఎప్పుడు అవసరమో రెండు రోజుల్లోనే తెలిసొచ్చింది. అదే ఈతలోది ఇంకో కూన జనరేటర్ వెనకాల కనిపించింది. ఇది తుమ్మట్లేదు. వాంతులు, వాసనతో విరేచనాలు, నీళ్ళ గిన్నె ముందు తల వాల్చి కూర్చుంది గానీ తాగట్లేదు. రాత్రి పదిన్నర. సర్కారు ఆసుపత్రి ఆ టైముకి వుండదు కాబట్టి రాత్రిళ్ళు తెరిచి వుండే ఇంకో ప్రైవేటు క్లినిక్కుకి పరిగెత్తాను. అక్కడ డ్యూటీలో వున్న కుర్ర డాక్టరు కూనని చూడగానే "దీనికి మాత్రం టెస్టు చెయ్యాలి సార్" అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. పాన్‌ల్యుకోపీనియా అయితే ఒకటి, ఆశ తక్కువ. రెండు, ఇంట్లో వున్న కూనకి కూడా అంటుకుని వుండొచ్చు. అంటే రిజల్టుని బట్టి చెయ్యాల్సిన పని మారుతుంది. పన్నెండువందలు కట్టాను. పాజిటివ్.

అప్పుడు ఆ అబ్బాయి అన్న మాటలు దాదాపు ఇవే. "దీనికి వైరస్‌ని చంపే మందు లేదు సార్. సెలైన్, వాంతులు తగ్గే ఇంజెక్షను, వేరే ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్. ఇవిచ్చి దాని ఒంటికే కాస్త టైము ఇవ్వాలి. రాత్రికి పదమూడువందల యాభై అవుతుంది. రేపు సాయంత్రానికి వాంతులు ఆగి ఒళ్ళు వెచ్చబడితే కొనసాగిద్దాం. లేకపోతే నేనే మీకు ఫోన్ చేసి ఆపేద్దామని చెప్తాను." నేను అడగకుండానే డబ్బు, ఆశ, గడువు మూడూ బల్ల మీద పెట్టాడు.

ఆ కూన తెల్లవారుజామున పోయింది. నిజం చెప్పాలంటే ఆ మూడువేల చిల్లర (రాత్రి కన్సల్టేషన్ ఇంకో ఆరువందలు) దండగైందని నాకొక్క క్షణం కూడా అనిపించలేదు. ఏం కొంటున్నానో తెలిసి కొన్నాను. పైగా ఆ టెస్టు వల్లే మొదటి కూన విషయంలో జాగ్రత్తపడ్డాం. రెండువారాలు వేరే గదిలో పెట్టి, రోజూ రెండుపూటలా చూసుకుంటూ వచ్చాం. అది బతికింది.

లెక్క చెప్తానన్నాను కాబట్టి చెప్తున్నాను. మొదటి క్లినిక్కు 500, మందులు 640, పిల్లిపిల్లల పాలపొడి 850, ఆటోలు 480, రెండో కూనకి ఆ రాత్రి 3,150. వెరసి 5,620. ఈ బిల్లులన్నీ ఫోటో తీసి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏడుపుగొట్టు ఫోటోలు, దండం పెట్టే బొమ్మలు లేకుండా ఒట్టి బిల్లులు. తొమ్మిది ఫ్లాట్లవాళ్ళు తలా మూడువందలు ఇచ్చారు, 2,700 వచ్చింది. నాకర్థమైందేమిటంటే జనానికి జాలి లేక కాదు, లెక్క తెలియక వెనకాడతారు. బిల్లు చూపిస్తే ఇస్తారు. దొరికినవాడే మొత్తం భరించాలన్న రూలు ఎక్కడా లేదు కదా.

ఇప్పుడు రెండోవైపు కూడా మాట్లాడాలి. ప్రైవేటు వెటర్నరీ డాక్టర్లని తిట్టడం చాలా తేలిక. కానీ అద్దె, జీతాలు, ఎక్స్‌రే మిషను, ఫ్రిజ్‌లో పెట్టిన టీకాలు, వీటన్నిటి ఖర్చూ వచ్చే పదో ఇరవయ్యో జంతువుల మీదే రావాలి. మనుషుల వైద్యంలో అసలు ధర మనకి సగం కనపడదు. సర్కారు దవాఖానా వుంది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వుంది, ఆఫీసు ఇన్స్యూరెన్స్ వుంది. ఎవరో ఒకరు కట్టేస్తుంటారు. జంతువు విషయానికొచ్చేసరికి ఆ తెర తీసేసినట్టు బిల్లంతా మన కళ్ళముందే నిలబడుతుంది. అందుకే ఎక్కువనిపిస్తుంది.

మరి సర్కారు ఆసుపత్రి సంగతి? మన పశువైద్యశాఖ పుట్టిందే పాడి కోసం, రైతు కోసం. అది తప్పు కాదు. గేదె పోతే ఒక ఇల్లు గడవదు. పిల్లి పోతే గడుస్తుంది. కాబట్టి డబ్బు, మందు, మనుషులు అటువైపే వెళ్ళాయి. ఎంతగా అంటే 2019లో జరిగిన 20వ పశుగణనలో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు, ఒంటెలు, గాడిదలే కాదు, కుక్కల్ని, కుందేళ్ళని, ఆఖరికి ఏనుగుల్ని కూడా లెక్కపెట్టారు. పిల్లిని లెక్కపెట్టలేదు! లెక్కలోనే లేనిదానికి బడ్జెట్ ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు కూడా ముఖ్యంగా రైతుల పశువుల కోసమే. ఇక 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి స్వచ్ఛంద సంస్థలున్నాయి గానీ, ఇంత పెద్ద నగరంలోని ప్రతి పిల్లినీ వాళ్ళే చూసుకోవాలనుకోవడం మన బద్ధకం.

అయినా సరే, సర్కారు ఆసుపత్రులు పిల్లిని చూడవనేది అపోహ. హైదరాబాదులో నారాయణగూడలో పెద్ద పశువైద్యశాల వుంది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ వుంది. ఆంధ్రాలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో వెటర్నరీ కాలేజీలున్నాయి. కాలేజీ అంటే విద్యార్థులు నేర్చుకోవడానికి ఆసుపత్రి వుంటుంది, వాళ్ళకి నేర్పే ప్రొఫెసర్లు వుంటారు. టైము ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువవుతుంది. సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళడానికి సిద్ధపడాలి, అంతే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు, వెళ్ళాక, నాకు పనికొచ్చినవి రాస్తున్నాను. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. ముందు వేడి, తర్వాతే తిండి. ఒళ్ళు చల్లబడిన కూనకి అరుగుదల వుండదు. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కావాలంటే పక్కకి జరగడానికి కాస్త చోటు వదలండి. ఒళ్ళు వెచ్చబడ్డాక తిండి.

2. ఆవుపాలు, గేదెపాలు వద్దు. విరేచనాలు పట్టుకుంటే చిన్న కూన ఒక్కరోజులో నీరసించిపోతుంది. పిల్లిపిల్లల పాలపొడి దొరుకుతుంది. నాలుగయిదు వారాలు దాటినదైతే పిల్లిపిల్లల మెత్తటి తిండి తింటుంది. పాలు పట్టేటప్పుడు పసిపిల్లాడిలా వెల్లకిలా పడుకోబెట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా వుంచి పట్టాలి.

3. మన మందులు ముట్టుకోకండి. ముఖ్యంగా పారాసెటమాల్. జ్వరంగా వుంది కదా అని పావు బిళ్ళ నూరి పోసేవాళ్ళున్నారు. ఆ మందుని విరిచే శక్తి పిల్లి ఒంటికి లేదు. పెద్ద పిల్లి కూడా ఒక్క బిళ్ళకి చచ్చిపోగలదు. కుక్కల పేలమందులు కొన్ని కూడా అంతే. అన్నట్టు, నేల తుడిచే ఫినాయిలు కూడా పిల్లికి విషమే.

4. రోజూ ఒకే టైముకి బరువు చూసి కాగితం మీద రాయండి. ఆరోగ్యంగా వున్న కూన రోజుకి పది పదిహేను గ్రాములు పెరుగుతుంది. ఎంత తింది, ఎన్నిసార్లు విరేచనం, వాంతి అయిందా, ఇవి కూడా. బగ్ వుంది అని ఊరికే చెప్పడానికీ, లాగ్ ఫైలు ఇవ్వడానికీ ఎంత తేడానో మాకు తెలుసు. డాక్టరుకీ అంతే.

5. వెళ్ళేముందు ఫోన్ చేసి ఫీజు, టైము అడగండి. వెళ్ళాక "ఇవాళ నా దగ్గర ఇంత వుంది. తప్పనిసరిగా ఇవాళే చెయ్యాల్సిందేమిటి, రేపటిదాకా ఆగగలిగేదేమిటి, చేస్తే మంచిది గానీ చెయ్యకపోయినా ఫరవాలేనిదేమిటి?" అని అడగండి. ఇది బేరం కాదు. బేరమంటే అదే వస్తువుకి తక్కువ ఇస్తాననడం. ఇది వరస అడగడం.

6. డబ్బు కోసం ఆగకూడని సందర్భాలు కొన్ని వున్నాయి. నోరు తెరిచి రొప్పుతుండడం, చిగుళ్ళు పాలిపోవడం లేక నీలంగా మారడం, ఫిట్స్, ఒళ్ళు చల్లబడి వేలాడిపోవడం, ఆగకుండా వాంతులు, విరేచనంలో రక్తం. ఏది దగ్గరుంటే అక్కడికి పరిగెత్తండి. లెక్కలు తోవలో మాట్లాడుకోవచ్చు.

7. ఇంట్లో వేరే పిల్లి వుంటే కొత్తదాన్ని కలపకండి. పాన్‌ల్యుకోపీనియా వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు సబ్బుకి పోదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫైరెండు పాళ్ళ నీళ్ళు కలిపి తుడవాలి, ఆరాకే పిల్లిని రానివ్వాలి.

8. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా మీ సంగతి ముందు. పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి, రేబిస్ టీకా కోసం అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. చిన్నదే కదా అని వదిలెయ్యకండి.

ఇక అన్నిటికంటే చవకైన వైద్యం టీకా. ఎనిమిది వారాలు దాటి కాస్త కోలుకున్నాక మూడు జబ్బులకి కలిపి వేసే టీకా వుంది. అందులో పాన్‌ల్యుకోపీనియా కూడా వుంది. కొన్ని వారాల తర్వాత బూస్టరు, మూడు నెలలకి రేబిస్ టీకా. రెండో కూనకి ఆ ఒక్క రాత్రి అయిన ఖర్చుతో ఇవన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది.

"దేశంలో మనుషులకే వైద్యం లేదు, పిల్లులకి కావాల్సొచ్చిందా?" అని అడిగేవాళ్ళకి కూడా ఒక మాట. ఈ ప్రశ్న అడిగే హక్కు మనుషుల వైద్యం కోసం ఏదో ఒకటి చేస్తున్నవాళ్ళకి వుంది. వాళ్ళని నేను గౌరవిస్తాను. కానీ నా అనుభవంలో ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది శనివారం సాయంత్రం పబ్బులో నాలుగువేల బిల్లు కట్టినవాళ్ళ దగ్గర్నుంచి. అక్కడ గుర్తురాని బీదవాళ్ళు పిల్లి దగ్గర మాత్రం గుర్తొస్తారు.

నేను కోరేది పెద్ద కోరికేమీ కాదు. ప్రైవేటు క్లినిక్కులు రిసెప్షన్లో ఒక ధరల బోర్డు పెట్టాలి. కన్సల్టేషన్ ఇంత, రాత్రి అయితే ఇంత, సెలైన్ ఇంత, టెస్టు ఇంత. హోటల్లో ఇడ్లీకి వున్నపాటి బోర్డు ప్రాణానికి వుండకూడదా? సర్కారు ఆసుపత్రులు వారానికి ఒక్కరోజు సాయంత్రం పూట కుక్కలకీ పిల్లులకీ ఓపీ నడిపితే, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, పగటి కూలి పోగొట్టుకోలేనివాళ్ళు రాగలుగుతారు. వచ్చే పశుగణనలో పిల్లి కూడా వుంటే ఇంకా మంచిది. ఇవేవీ జరిగేదాకా రేటు అడిగే పని మనదే. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు భయపడ్డాయంటే అర్థముంది, మనకెందుకండీ భయం?

వానాకాలం ఇంకా అయిపోలేదు. ఏదో ఒక రాత్రి మీ సెల్లార్లోనూ ఒక అరుపు వినిపించొచ్చు. అప్పటికప్పుడు వెతుక్కోకుండా మీ ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఎక్కడుందో, ఎన్నింటికి తెరుస్తారో, రాత్రిపూట ఏ క్లినిక్కు వుంటుందో, అక్కడ ఫీజెంతో ఇవాళే కనుక్కుని ఫోన్లో రాసి పెట్టుకోండి. అయిదు నిమిషాల పని.